తీగ లేని సాధనాలు, గోడ మీది స్విచ్చు



ఆదివారం పూజ ముగిసి గుడి మెట్లు దిగుతుండగా నన్ను ఆపి అడిగే ప్రశ్నలు ఈ నాలుగైదేళ్లలో మారిపోయాయి. ఇదివరకు మిక్సీ మోటారు కాలిన వాసన, గీజరు కాయిలు, ఇన్వర్టరు బ్యాటరీలో నీళ్లు – ఇవీ మన శీర్షికకు వచ్చే సందేహాలు. ఇప్పుడు "అబ్బాయి అమెరికా నుండి బల్బు తెచ్చాడండీ, మూడు రోజులు బాగానే వెలిగింది, నాలుగో రోజు నుండి ఫోను మాట వినటం లేదు" అనే పెద్దలు, "గేటు దగ్గర కెమెరా పెట్టించాం, వాన పడితే చాలు బొమ్మ నిలిచిపోతుంది" అనే తల్లులు ఎక్కువయ్యారు. మా బోయిన్‌పల్లిలో పిల్లలు పై దేశాల్లో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్లు వీధికి రెండు మూడైనా ఉంటాయి. ఫోనుతో వెలిగే బల్బులు, ప్లగ్గులు, కెమెరాలు, తలుపు గంటలు ఆ పిల్లలు ప్రేమతో పంపేవే. అమర్చిన చేతులు విమానం ఎక్కి వెళ్లిపోతాయి. వస్తువు మొరాయించినప్పుడు ఇంట్లో మిగిలేది పెద్దవాళ్లే. ఈ వారం పాఠం వారి కోసం, వారికి సాయపడే పక్కింటి పిల్లల కోసం.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మకు 78 ఏళ్లు. పాత బోయిన్‌పల్లిలోని ఇంట్లో ఉంటుంది. మా తమ్ముడు డల్లాస్‌లో ఉద్యోగం. సెలవులకు వచ్చినప్పుడు పడక గది నుండి బాత్‌రూముకు పోయే నడవాలో ఒక వై-ఫై బల్బు బిగించాడు. రాత్రంతా మసక వెలుతురుతో తానే వెలిగి, తెల్లవారితే తానే ఆరిపోయేలా ఏర్పాటు చేశాడు. అమ్మ సంబరపడింది. ఆ తరువాతి ఏప్రిల్‌లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. కరెంటు పోవటం, రావటం, మళ్లీ పోవటం, ఇలా ఐదారు సార్లు జరిగి చివరకు నిలిచింది. రాత్రి రెండింటికి అమ్మ లేచి నడవాలోకి వచ్చేసరికి మసక వెలుతురు లేదు. బల్బు కళ్లు చెదిరేలా టపటప మిణుకుతున్నది. ఆ మిణుకులో గడప సరిగా కనబడలేదు. గోడ స్విచ్చు కోసం చెయ్యి చాచి, తూలి పడింది. మణికట్టు ఎముక చిట్లి ఆరు వారాలు కట్టుతో ఉంది.

బల్బు పాడైపోయిందనుకొని మా తమ్ముడు ఫోనులోనే బాధపడ్డాడు. నిజానికి బల్బు పాడవలేదు. అది తనను తయారు చేసినవారు చెప్పిన పనే చేసింది. ఎందుకలా చేసిందో కింద వివరిస్తాను. ఆ సంగతి మాకు ముందే తెలిసి ఉంటే అమ్మ పడేది కాదు.

మాట ఎంత దూరం పోతుంది?

పాత బల్బుకు ఒకటే దారి. స్విచ్చు వేస్తే కరెంటు పోతుంది, బల్బు వెలుగుతుంది. కొత్త బల్బుకు ఐదు లంకెలున్నాయి. మొదటిది కరెంటు. రెండోది బల్బు లోపలి చిన్న రేడియో. మూడోది మీ ఇంటి రూటరు. నాలుగోది బయటి ఇంటర్‌నెట్టు, దాని చివర ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరు. ఐదోది మీ ఫోనులోని యాప్. మీరు హాలులో సోఫా మీద కూర్చొని ఫోనులో మీట నొక్కితే, ఆ మాట రూటరు ద్వారా బయటికి పోయి, ఏ ఊరిలోనో ఏ దేశంలోనో ఉన్న కంప్యూటరును తాకి, తిరిగి మీ రూటరుకు వచ్చి, అప్పుడు బల్బుకు చేరవచ్చు. పది అడుగుల దూరంలోని దీపానికి మాట సముద్రం దాటి వస్తున్నదన్నమాట. ఇంట్లోనే తిరిగి వచ్చే సాధనాలూ ఉన్నాయి. 2022 అక్టోబరులో వచ్చిన 'మ్యాటర్' అనే ఉమ్మడి ప్రమాణం గుర్తు ఉన్నవి అటువంటివి. కొనేటప్పుడు ఆ గుర్తు చూసి కొంటే మేలు, ఇంటర్‌నెట్టు పోయినా ఇంట్లో మాట వింటాయి.

ఈ ఐదు లంకెలలో ఏది తెగిందో తెలుసుకోవటమే మరమ్మతులో ముప్పాతిక వంతు. చాలామంది మొదటే సాధనం వెనక ఉన్న రీసెట్ మీట నొక్కుతారు. తెగినది నాలుగో లంకె అయితే, రెండో లంకెను కూడా మన చేతులతో మనమే తెంపుకున్నట్లవుతుంది. అప్పుడు రెండు పనులు.

ఈ రేడియో గురించి కాస్త తెలుసుకుందాం. మార్కోని స్వయంగా అమర్చిన వాటికన్ రేడియోను 1931 ఫిబ్రవరి 12న 11వ పయస్ పోపుగారు ప్రారంభించినప్పుడు ఆ మాట ఖండాలు దాటి వినిపించింది. అవి పదుల మీటర్ల పొడవుండే తరంగాలు, ఆకాశపు పై పొరలకు తగిలి తిరిగి భూమికి వస్తాయి. మన బల్బులోని తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, బలం బహు తక్కువ. దీనిని 2.4 గిగాహెర్ట్జ్ అంటారు. ఈ పట్టీని తక్కువ బలంతో ఎవరైనా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చునని మన ప్రభుత్వం 2005లో నియమాలు చేసింది. అందుకే మీ రూటరు, పక్కింటి రూటరు, బ్లూటూత్ చెవి ఫోన్లు, వంటింట్లోని మైక్రోవేవ్ ఓవెను అన్నీ ఆ పట్టీలోనే తోసుకుంటుంటాయి. రూటర్లలో 5 గిగాహెర్ట్జ్ అనే రెండో పట్టీ కూడా ఉంటుంది. అది వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. బల్బులు, ప్లగ్గులు చాలా వరకు 2.4 మాత్రమే ఎరుగుదురు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం ఫిర్యాదులు తీరిపోతాయి.

(సందర్భం వచ్చింది కనుక ఒక మాట. ఇటువంటి సాధనాల లోపలి వై-ఫై చిప్పులు ఎక్కడో చైనాలో, అమెరికాలో మాత్రమే రూపుదిద్దుకుంటాయని అనుకోకండి. హైదరాబాదులో డిజైను కేంద్రం నడిపిన రెడ్‌పైన్ సిగ్నల్స్ అనే సంస్థ వైర్‌లెస్ చిప్పుల వ్యాపారాన్ని 2020లో అమెరికాకు చెందిన సిలికాన్ ల్యాబ్స్ 30 కోట్ల 80 లక్షల డాలర్లకు కొన్నది. మన పిల్లలు చదివి చేసిన పని అది.)

ఇల్లే అడ్డం

పాత బోయిన్‌పల్లి ఇళ్లకు మందపు గోడలు. కొత్త అపార్టుమెంట్లకు ఇనుప చువ్వల ఆర్.సి.సి. స్లాబులు, స్తంభాలు. రెండూ తరంగానికి అడ్డమే. చువ్వలున్న స్లాబు మరీ అడ్డం. కింది అంతస్తులో రూటరు పెట్టి మేడ మీది గదిలో బల్బు పలకటం లేదంటే అందులో ఆశ్చర్యం లేదు. వీటికి తోడు బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, చేపల తొట్టి. లోహం తరంగాన్ని వెనక్కి కొడుతుంది, నీరు మింగుతుంది.

ఇంటర్‌నెట్టు కుర్రవాడు వచ్చి తీగ ఎక్కడి నుండి లోపలికి వస్తుందో అక్కడే, వీధి తలుపు పక్కనో టి.వి. స్టాండు వెనకో రూటరు తగిలించి పోతాడు. అతనికి తీగ ఆదా, మనకు ఏళ్ల తరబడి తలనొప్పి. అదనపు తీగకు నాలుగు డబ్బులిచ్చి అయినా ఇంటి మధ్యలో, ఛాతీ ఎత్తుకు పైన, నాలుగు వైపులా ఖాళీ ఉండే చోట పెట్టించండి. అందం కోసం చెక్క అలమారులో దాచినా కొంత నయమే గాని, ఇనుప పెట్టెలో మాత్రం పెట్టవద్దు.

సాధనం ఎక్కడ బిగించాలనుకుంటున్నారో అక్కడికి ముందు ఫోను తీసుకొని వెళ్లి చూడండి. ఫోనును 2.4 పట్టీలోనే ఉంచి చూడాలి. సిగ్నల్ బలాన్ని అంకెలలో చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి. మైనస్ 60 దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 75 దాటితే ఈ రోజు పనిచేసినా రేపు మొరాయిస్తుంది. ఫోనుకు అందినంత మాత్రాన బల్బుకు అందుతుందని కూడా నమ్మకండి, బల్బు లోపలి యాంటెనా వేలి గోరంత ఉంటుంది. బలం చాలని చోట ఇంకో కెమెరా కొనటం దండగ. ఆ డబ్బుతో రెండు మూడు రూటర్లు కలిసి ఒకే పేరుతో పనిచేసే మెష్ సెట్టు కొని, రెండోది మేడ మెట్ల దగ్గర పెట్టుకోవచ్చు. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళితే రకరకాలవి చూసి కొనుక్కోవచ్చు.

గేటు దగ్గరి కెమెరా సంగతి వేరు. వానకు బొమ్మ ఆగిపోతున్నదంటే వాన తరంగాన్ని ఆపుతున్నదని చాలామంది అనుకుంటారు. గేటు దూరానికి వాన చినుకులు 2.4 తరంగాన్ని ఏమీ చేయలేవు. తడిసేది కెమెరా తీగ చివరి జాయింటు, దాని అడాప్టరు. నేను చూసిన నాలుగైదు కెమెరాలలో ఒక్కటి తప్ప అన్నీ అదే జబ్బు. జాయింటును గాలి చొరబడని చిన్న డబ్బాలో పెట్టి, తీగను కిందికి వంపు తిప్పి తరువాత పైకి తీసుకుంటే, నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. అడాప్టరు ఇంటి లోపల ఉండాలి.

కొత్తగా కలిపేటప్పుడు

కొత్త సాధనం పెట్టె విప్పగానే నిచ్చెన ఎక్కి పై కప్పుకు బిగించకండి. మొదట రూటరున్న గదిలో టేబుల్ ల్యాంపుకు పెట్టి అక్కడే కలపండి. కలిసిన తరువాత తన చోటికి మార్చినా గుర్తుంచుకుంటుంది.

కలిపేటప్పుడు వచ్చే చిక్కు తొంభై పాళ్లు ఇదే: మీ రూటరు రెండు పట్టీలకూ ఒకే పేరు పెట్టుకొని ఉంటుంది, ఫోను వేగం చూసి 5లో కూర్చుంటుంది, బల్బు 2.4లో వెతుకుతుంటుంది. రూటరు సెట్టింగులలో 2.4కు వేరే పేరు ఇవ్వండి, లేదా ఆ పది నిమిషాలు 5ను ఆపివేయండి. ఇంకో చిక్కు. కొన్ని సాధనాలు తామే ఒక చిన్న వై-ఫై పుట్టించి ఫోనును అందులోకి రమ్మంటాయి. అందులో ఇంటర్‌నెట్టు ఉండదు గనుక తెలివైన ఫోను దానిని వదిలి మొబైల్ డేటాకు దూకుతుంది. కనుక కలిపేటప్పుడు మొబైల్ డేటా ఆపండి. ఆండ్రాయిడ్ ఫోను అయితే యాప్‌కు 'లొకేషన్' అనుమతి ఇవ్వాలి, అది లేనిదే చుట్టూ ఉన్న వై-ఫైలను యాప్ చూడలేదు. బల్బుకు మీ ఇంటి చిరునామా ఎందుకని అనుమానపడి కాదన్నవారు గంటలు గంటలు కూర్చున్నారు. కలిపిన తరువాత ఆ అనుమతి తీసివేసుకోవచ్చు.

వై-ఫై పేరులోను, పాస్‌వర్డులోను ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి. రూటరులో రక్షణ పద్ధతిని 'డబ్ల్యు.పి.ఎ. 3 మాత్రమే' అని పెడితే పాత సాధనాలు లోపలికి రాలేవు, 2, 3 కలిసి ఉన్నది ఎంచుకోండి.

కలిశాక సమయ మండలం చూడటం మరువవద్దు. మా తమ్ముడు వరండా దీపాన్ని తన ఫోనులోని ఖాతాతో కలిపి, సాయంత్రం ఆరున్నరకు వెలగాలని పెట్టి వెళ్లాడు. ఆ దీపం మా ఇంట్లో తెల్లవారుజామున ఐదింటికి వెలిగేది! వేసవిలో డల్లాస్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా, అక్కడ సాయంత్రం ఆరున్నర అయితే ఇక్కడ మర్నాటి ఉదయం ఐదు. వీధి వారంతా మా అమ్మ చీకటితోనే లేచి జపమాల చెబుతున్నదనుకున్నారట. నవంబరులో అమెరికా వారు గడియారాలు వెనక్కి తిప్పగానే దీపం ఆరింటికి జరిగింది, అప్పుడు గాని మాకు కారణం తట్టలేదు. యాప్‌లో ఇంటి ఊరు హైదరాబాదు అని మార్చగానే సరిపోయింది.

కరెంటు పోయి వచ్చినప్పుడు

ఇక మా అమ్మ నడవాలోని బల్బు దగ్గరికి వద్దాం. ఈ బల్బులకు రీసెట్ మీట పెట్టటానికి చోటుండదు. అందుచేత గోడ స్విచ్చును వరుసగా మూడు నుండి ఐదు సార్లు వేసి తీస్తే, పాత సంగతులన్నీ మరిచి కొత్త ఇంటి కోసం మిణుకుతూ ఎదురు చూసేలా చాలామంది తయారీదారులు చేశారు. గాలివానలో కరెంటు ఐదారు సార్లు వచ్చి పోయేసరికి, ఎవరో స్విచ్చు ఆడిస్తున్నారనుకొని బల్బు ఇంటిని మరిచిపోయింది. ఆ మిణుకు దాని భాషలో 'నన్ను కలుపుకోండి' అనటం.

ఇన్వర్టరు మీద ఉన్న లైటు లైనుకు ఈ బెడద తక్కువ, ఎందుకంటే కరెంటు తెగినట్లు బల్బుకు తెలియదు. అవకాశం ఉంటే ఈ బల్బులను ఆ లైను మీదే పెట్టండి. యాప్‌లో 'కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలి' అనే ఎంపిక ఉంటుంది. మామూలుగా అది 'పూర్తి వెలుగు' అని ఉంటుంది. అర్ధరాత్రి కరెంటు వస్తే ఇల్లంతా పట్టపగలయ్యేది అందుకే. 'ఇదివరకు ఉన్నట్లే' అని మార్చుకోండి.

రూటరు కూడా ఇన్వర్టరు మీదకు రావాలి. గోడకు తగిలించిన ఫైబరు పెట్టె ఒకటి, రూటరు ఒకటి వేరువేరుగా ఉంటే రెండూ రావాలి. ఒకటి ఇన్వర్టరు మీద, ఇంకొకటి కరెంటు మీద ఉన్న ఇళ్లు చూశాను, దీపాలు మెరుస్తున్నా మాట బయటికి పోదు. ఇన్వర్టరు లేనివారికి రూటరు కోసమే చిన్న బ్యాటరీ పెట్టెలు దొరుకుతున్నాయి, రూటరు అడుగున ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో చూసి దానికి సరిపోయేదే తీసుకోవాలి. కరెంటు గురించి మాట్లాడుతున్నాం గనుక: మన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో మిగిలిపోయిన కూరగాయల నుండి విద్యుత్తు తీస్తున్న సంగతి 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దేశమంతా విన్నది. ఆ మార్కెట్టు పక్కన ఉండి కూడా కరెంటు పోయినప్పుడు మనం కొవ్వొత్తి వెతుక్కోక తప్పదు!

గోడ స్విచ్చు విషయంలో ప్రతి ఇంట్లోనూ జరిగే సంభాషణ ఒకటుంది. "అమ్మా, ఆ స్విచ్చు ఆపొద్దమ్మా, ఆపితే బల్బుకు ప్రాణం ఉండదు" అంటాడు మా తమ్ముడు. "ఇరవై నాలుగ్గంటలూ వేసి ఉంచితే బిల్లు ఎవడు కడతాడ్రా?" అంటుంది అమ్మ. లెక్క చూద్దాం. ఆరి ఉన్న బల్బు లోపలి రేడియో సుమారు అర వాటు తింటుంది. నెలంతా కలిపి యూనిట్‌లో మూడో వంతుకు కాస్త ఎక్కువ. బిల్లుకు భయం లేదు. అయినా ఈ విషయంలో నేను అమ్మ పక్షమే. యాభై ఏళ్ల అలవాటుతో గదిలోనుంచి వెళుతూ స్విచ్చు ఆపే చేతిని మార్చమనటం కంటే, ఆ చేతికి సరిపోయే సాధనం పెట్టటం సులువు. బల్బు మామూలుదే ఉంచి, స్విచ్చు బోర్డు లోపల బిగించే చిన్న వై-ఫై రిలే పెట్టిస్తే, గోడ మీద మీట ఎప్పటిలా పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది. ఇంటర్‌నెట్టు పోయినా మీట పోదు. ఈ రిలేకు న్యూట్రల్ తీగ కావాలి. సాకెట్టు ఉన్న బోర్డులో న్యూట్రల్ తప్పక ఉంటుంది. మెట్ల దగ్గరి ఒంటి స్విచ్చు పెట్టెలలో తరచుగా ఉండదు. ఈ పని మెయిన్ ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. కాలేజీ పిల్లవాడు వీడియో చూసి చేస్తానంటే ఒప్పుకోకండి.

గీజరుకు, ఏ.సి.కి వై-ఫై ప్లగ్గు పెట్టేవారు ప్లగ్గు మీది అంకె చదవండి. 230 వోల్టుల మీద 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు, 3,000 వాట్లది 13 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల ప్లగ్గు వీటి పక్కన కరిగి నల్లబడుతుంది. 16 అని ఉన్నదే వాడాలి, అదీ చేతికి వేడి తగలటం లేదని అప్పుడప్పుడు చూసుకుంటూ. దీపానికి వాడే డిమ్మరును ఫ్యానుకు పెట్టకూడదు, ఫ్యాను మూలుగుతుంది, కాలక్రమంలో కాలుతుంది.

పలకనప్పుడు

కుర్చీలో కూర్చొనే వేసుకోవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పలకనిది ఒక్కటేనా, అన్నీనా? అన్నీ అయితే సాధనాలను ముట్టుకోకండి, తప్పు రూటరుది లేదా బయటి లైనుది. అదే వై-ఫైలో ఫోనుకు ఏదైనా వీడియో వస్తున్నదా చూడండి. రాకపోతే ఫైబరు పెట్టె మీద ఎర్ర దీపం ఉన్నదేమో చూసి, ఉంటే కంపెనీకి ఫోను చేయటం తప్ప మన పని లేదు. వీడియో వస్తూ బల్బులు మాత్రం పలకకపోతే ఫైబరు పెట్టె, రూటరు రెండూ ఆపి, ముందు పెట్టెను వేసి రెండు మూడు నిమిషాలు ఆగి, తరువాత రూటరు వేయండి. దాని తరువాత బల్బులకు ఇంకో ఐదు నిమిషాల వ్యవధి ఇవ్వండి. ఓపిక లేక మధ్యలో స్విచ్చులు ఆడిస్తే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం.

ఒక్కటే పలకటం లేదంటే గోడ స్విచ్చు ఎవరో ఆపారేమో మొదట చూడండి. నవ్వకండి, సగం సార్లు అదే. స్విచ్చు ఉండి, ప్లగ్గు మీది మీట నొక్కితే పనిచేస్తూ, ఫోనుకు మాత్రం పలకకపోతే కరెంటు లంకె బాగుంది, రేడియో లంకె తెగింది. దానిని రూటరు దగ్గరికి తెచ్చి పెట్టండి. అక్కడ పలికితే తప్పు దూరానిది, వస్తువుది కాదు. ఇంట్లో వై-ఫై మీద పలుకుతూ, బజారులో మొబైల్ డేటా మీద పలకకపోతే చిక్కు నాలుగో లంకెలో ఉంది. రోజూ ఒకే వేళకు, ముఖ్యంగా వంటవేళకు తెగుతున్నదంటే మైక్రోవేవ్ ఓవెన్‌ను అనుమానించండి. రాత్రి ఎనిమిది నుండి పది వరకు తెగుతున్నదంటే అపార్టుమెంటులోని అందరి రూటర్లూ ఒకే ఛానలులో అరుస్తున్నాయన్నమాట. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 ఛానళ్లు. ఇరుగుపొరుగు తక్కువ వాడుతున్నది చూసి అందులోకి మారండి.

కొత్త రూటరు కొన్నవారికి, కంపెనీ మార్చినవారికి ఒక కిటుకు. పాత రూటరుకు ఏ పేరు, ఏ పాస్‌వర్డు ఉన్నాయో అక్షరం పొల్లు పోకుండా కొత్తదానికి అవే పెట్టండి. ఇంట్లో ఇరవై సాధనాలున్నా పాత రూటరే అనుకొని తామే వచ్చి కలుస్తాయి. ఇది తెలియక నిచ్చెన మోసుకుంటూ ఇల్లంతా తిరిగినవారిలో నేనూ ఒకడిని.

పెట్టెలో వచ్చే వస్తువులు

అమెరికా నుండి సూట్‌కేసులో వచ్చిన ప్రతి వస్తువును ప్లగ్గులో పెట్టే ముందు దాని వెనక అచ్చు చదవండి. '100–240' వోల్టులని ఉంటే ఇక్కడ పనిచేస్తుంది. '120' అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు ఒక్క క్షణంలో పొగ వస్తుంది. పిన్ను మార్చే అడాప్టరు వోల్టేజి మార్చదు, ఆ పొరపాటుతో బల్బులు, ప్లగ్గులు పోగొట్టుకున్నవారున్నారు. జడ్-వేవ్ అనే పద్ధతి సాధనాలయితే వోల్టేజి సరిపోయినా తేవద్దని పిల్లలకు చెప్పండి. అమెరికాలో అవి 908 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి, మన దేశంలో ఆ పనికి కేటాయించినది 865 దగ్గర. 908 మన దగ్గర సెల్‌ఫోన్ల పట్టీలో పడుతుంది. మామూలు వై-ఫై సాధనాలకు ఈ చిక్కు లేదు.

తాళంచెవి ఎవరి దగ్గర?

కెమెరా కొనేవారు ధర ఎంత, బొమ్మ ఎంత స్పష్టం అని అడుగుతారు. ఖాతా ఎవరి పేరు మీద ఉంటుందని అడిగేవారు తక్కువ. కొడుకు తన ఈ-మెయిలుతో కలిపి వెళితే ఆ కెమెరా యజమాని అతనే. ఇక్కడ ఏదైనా మార్చాలంటే అక్కడ అతను నిద్ర లేవాలి. ఇంట్లో ఉండేవారి పేరు మీద ఖాతా తెరిచి, పిల్లలను అందులో సభ్యులుగా చేర్చటం సరైన పద్ధతి. పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి, ఇంటి పత్రాలున్న బీరువాలో పెట్టండి.

పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును ఆ రోజే మార్చాలి. 2016లో 'మిరాయ్' అనే దొంగ ప్రోగ్రాము, పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో లోబరుచుకొని, ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కొన్ని గంటలు మూయించింది. ఆ కెమెరాల యజమానులలో చాలామందికి ఆ సంగతే తెలియదు. మన కేంద్ర ప్రభుత్వం కూడా సి.సి. కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ 2024లో ఉత్తర్వు ఇచ్చింది. 'మీ కెమెరా అప్‌డేటు చేయాలి, ఓ.టి.పి. చెప్పండి' అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. ఇప్పటికే చెప్పి డబ్బు పోయిందంటే వెంటనే 1930కి ఫోను చేయాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు ఆపటం కష్టం.

కెమెరా గేటుకు, వరండాకు, మెట్లకు మంచిది. పడక గదికి, బట్టలు మార్చుకొనే చోటుకు వద్దు, అమ్మానాన్నల క్షేమం కోసమే అయినా వద్దు. మా తమ్ముడు అమ్మ పడిన తరువాత ఆమె గదిలో కెమెరా పెడతానన్నాడు. "నేను చీర కట్టుకుంటుంటే డల్లాస్‌లో మీరంతా చూస్తారా?" అని అమ్మ ఒక్క మాట అన్నది. ఆ చర్చ అక్కడితో ముగిసింది. పని మనిషి వచ్చే ఇంట్లో కెమెరా ఉంటే ఆమెకు ముందే చెప్పాలి, ఎక్కడ ఉందో చూపించాలి.

ఇప్పుడు ఆ నడవాలో ఉన్నది వై-ఫై లేని, ఫోను అక్కరలేని చిన్న రాత్రి దీపం. చీకటి పడితే వెలుగుతుంది, తెల్లవారితే ఆరుతుంది, ఇన్వర్టరు లైనులో ఉంది. కరెంటు ఎన్నిసార్లు పోయి వచ్చినా దానికి మరిచిపోవటానికి ఏమీ లేదు. గడపకు తెల్ల రంగు వేయించాం. తమ్ముడి బల్బు వరండాకు మారి అక్కడ బాగానే పనిచేస్తున్నది. అమ్మ మాత్రం పడుకోబోయే ముందు దాని స్విచ్చు ఆపుతూనే ఉంది.